ఆరున్నర నిమిషాల ట్రాకును ఎక్కడ కోశాం, ఎక్కడ కోయలేదు: ఒక కేస్ స్టడీ

విశాఖకు చెందిన ఒక యువ ప్రొడ్యూసర్ చేసిన మెలోడిక్ హౌస్ ట్రాకు ఇది, అంటే స్వరానికి ప్రాధాన్యమిచ్చే క్లబ్బు డ్యాన్స్ సంగీతం. వేగం నిమిషానికి 128 బీట్లు, నిడివి ఆరున్నర నిమిషాలు. స్ట్రీమింగ్ కోసం మూడు నిమిషాల లోపు రూపం కావాలని పంపిణీ సంస్థ అతన్ని అడిగింది. అతనే కూర్చుని కోసుకున్నాడు. 1:52 దగ్గర ఆగింది. రెండు ఫైళ్లనూ నాకు పంపి, "అన్నా, అన్నీ ఒకే లెక్కలో తగ్గించాను. అయినా డ్రాప్ తగలడం లేదు, ఎందుకు?" అని అడిగాడు. డ్రాప్ అంటే కాసేపు ఎదురుచూపు తర్వాత తాళం పూర్తి బలంతో తిరిగొచ్చే చోటు.

మిక్సింగ్, మాస్టరింగ్ (విడి శబ్దాలను కలిపి, చివరి మెరుగు దిద్దడం) పని చేసే నాకు ఈ మధ్య తరచుగా వచ్చే ప్రశ్న ఇదే. అందుకే ఈ ఒక్క ట్రాకునూ మొదటి నుంచి చివరి దాకా వివరంగా రాస్తున్నాను. డ్యాన్స్ ట్రాకులు పొట్టివవుతున్నాయని బాధపడేవాళ్లున్నారు, అదే సరైనదని వాదించేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అసలు ప్రశ్న నిడివి గురించి కాదు. ట్రాకులోని ప్రతి భాగమూ ఎవరి కోసం పెట్టింది అన్నది ముందు తేలాలి. అది తేలితే ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోతే ట్రాకే పోతుందో తెలుస్తుంది.

ముందు లెక్క. 128 వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి 1.875 సెకన్లు నడుస్తుంది. 16 బార్లంటే సరిగ్గా అర నిమిషం, 32 బార్లంటే నిమిషం. ఈ ట్రాకు మొత్తం 208 బార్లు. మొదటి 32 బార్లలో కిక్ (లోతైన డ్రమ్ దెబ్బ), హై హ్యాట్ (సన్నని తాళాల చప్పుడు) తప్ప ఇంకేమీ లేవు. తర్వాతి 32 బార్లలో బేస్ చేరుతుంది. అసలు స్వరం, గొంతు వినిపించేది రెండో నిమిషం పూర్తయ్యాక, మొదటి బ్రేక్‌డౌన్‌లో, అంటే కిక్, బేస్ తప్పుకునే చోట. అది 16 బార్లు. దాని తర్వాత ఉత్కంఠ పెంచే 8 బార్ల బిల్డప్, 32 బార్ల డ్రాప్. ఆపైన 24 బార్ల రెండో బ్రేక్‌డౌన్, మళ్లీ 8 బార్ల బిల్డప్, 32 బార్ల రెండో డ్రాప్, చివర 24 బార్ల ముగింపు, అంటే ఔట్రో. అంటే మొదటి డ్రాప్ 2:45 దగ్గర వస్తుంది. ఇది పాతకాలపు పద్ధతేమీ కాదు. క్లబ్బు కోసం చేసే హౌస్ ట్రాకుల్లో చాలావాటి అస్థిపంజరం ఇలాగే ఉంటుంది.

మొదటి నిమిషంలో కిక్, హై హ్యాట్ మాత్రమే ఎందుకు? వినేవాడి కోసం కాదు, డీజే కోసం. ఇది అర్థం చేసుకోవడానికి కొంత వెనక్కి వెళ్లాలి.

1970ల మధ్యలో న్యూయార్క్ డిస్కోల్లో నడిచినవి 7 అంగుళాల సింగిల్స్. పక్కకు మూడు నాలుగు నిమిషాలు. జనం ఊపందుకునే లోపే పాట అయిపోయేది. టామ్ మౌల్టన్ అనే మిక్సర్ పాటలను సాగదీసి మిక్స్ చేయడం మొదలుపెట్టాడు. ఒకసారి చిన్న డిస్కులు అందుబాటులో లేక పెద్ద డిస్కు మీద కోయించాల్సి వచ్చింది. వింటే శబ్దం ఎంతో బలంగా ఉంది. కారణం భౌతికమైనది. బేస్ ఎంత బలంగా ఉంటే డిస్కు మీది గాడి అంత వెడల్పుగా ఊగుతుంది. చిన్న డిస్కు మీద దానికి చోటు చాలదు, పెద్ద డిస్కు మీద గాళ్లను దూరం దూరంగా పరచవచ్చు. 1976లో సాల్‌సోల్ రికార్డ్స్ వాల్టర్ గిబ్బన్స్ మిక్స్ చేసిన 'టెన్ పర్సెంట్' పాటను 12 అంగుళాల సింగిల్‌గా దుకాణాల్లో పెట్టి అమ్మింది. దాని నిడివి తొమ్మిది నిమిషాలు దాటింది. 1983లో న్యూ ఆర్డర్ బృందం 'బ్లూ మండే'ను 12 అంగుళాల డిస్కుగానే తెచ్చింది. అది దాదాపు ఏడున్నర నిమిషాలు. డ్యాన్స్ ట్రాకు పొడుగ్గా ఉండాలన్న ఆచారం అలా డిస్కు పరిమాణం నుంచి పుట్టింది.

మన వైపు ఇదే కథ తలకిందులుగా జరిగింది. 78 వేగపు గ్రామఫోన్ రికార్డు ఒక పక్క మూడు, మహా అయితే నాలుగు నిమిషాలు పాడేది. కచేరీలో అరగంట సాగే రాగాలాపన ఆ డిస్కు మీద కొన్ని క్షణాలకు కుదించుకుపోయేది. నాటక పద్యాలు పాడినవాళ్లూ ఆ కొలతకే తమ రాగాలను సర్దుకున్నారు. అప్పుడు కూడా సంగీతం చచ్చిపోతుందన్నారు. చావలేదు కానీ మారింది. ఏం మారిందో ఓపికగా విని తెలుసుకునే పని ప్రతి తరానికీ మిగులుతుంది.

మళ్లీ డీజే దగ్గరికి వద్దాం. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుళ్లు రెండు ముందు పెట్టుకున్న డీజే ఒక రికార్డు మీదకు ఇంకోదాన్ని తేవాలంటే హెడ్‌ఫోన్‌లో రెండోదాన్ని విని, వేగం మీట జరిపి, చేత్తో డిస్కును తోసీ ఆపీ రెండు కిక్‌లనూ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. ఆ పనికి ముప్ఫై సెకన్లు పట్టవచ్చు, నిమిషమూ పట్టవచ్చు. అప్పటిదాకా స్వరం, గొంతు లేని ఖాళీ తాళం ఉంటేనే రెండు పాటలు ఢీకొనకుండా ఉంటాయి. 32 బార్ల ఇంట్రో ఆ పని కోసం కేటాయించిన చోటు. ఔట్రో కూడా అంతే, తర్వాతి ట్రాకుకు దారి వదలడం దాని పని.

ఇప్పుడు ఆ చోటుకు యజమాని దాదాపు వెళ్లిపోయాడు. డీజేలు సీడీలు వాయించే పయనీర్ సీడీజే-1000 యంత్రం 2001లో వచ్చింది. 2009లో సీడీజే-2000 వచ్చేసరికి డీజే చేతిలో డిస్కుల పెట్టె పోయి యూఎస్‌బీ పుల్ల మిగిలింది. లూప్ మీట నొక్కితే నాలుగు బార్లు ఎంతసేపైనా తిరుగుతాయి. ముందే గుర్తు పెట్టుకున్న చోటు నుంచి ట్రాకు ఒక్క నొక్కుతో మొదలవుతుంది. రెండు ట్రాకుల వేగాలను యంత్రమే కలుపుతుంది. ఇంట్రోలో 32 బార్లు ఉన్నా 8 బార్లు ఉన్నా అతనికి ఇప్పుడు తేడా లేదు. పైగా పెద్ద ఉత్సవాల్లో అతనికి దొరికేది గంట సమయం. ఒక్కో ట్రాకులో మంచి భాగం వేసి తప్పుకుంటాడు. డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన శైలిలో అయితే ఈ తొందర ఎప్పటి నుంచో ఉంది. 174 వేగంలో 16 బార్లు 22 సెకన్లలో అయిపోతాయి.

ఇక డబ్బు లెక్క. స్పాటిఫైలో ఒక ట్రాకు 30 సెకన్లు నడిస్తే అది ఒక వినికిడిగా నమోదవుతుంది. చెల్లింపు వినికిడికే తప్ప నిమిషాలకు కాదు. ఆరున్నర నిమిషాల ట్రాకు గంటలో తొమ్మిది సార్లు నడుస్తుంది. రెండు నిమిషాల ముప్ఫై ఏడు సెకన్ల ట్రాకు ఇరవై రెండు సార్లు నడుస్తుంది. ఒకే గంట, రెండు రెట్లకు పైగా లెక్క. 2024 నుంచి ఒక ట్రాకు గత పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి సార్లు వినబడకపోతే అక్కడ దానికి చెల్లింపే లేదు. చిన్న ప్రొడ్యూసర్‌కు ఈ నియమం ఎంత గట్టిగా తగులుతుందో నా దగ్గరికి వచ్చేవాళ్ల మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది. మన దేశంలో 2020 జూన్ చివర టిక్‌టాక్ పోయి, కొన్ని నెలల్లోనే రీల్స్, షార్ట్స్ వచ్చి పడ్డాయి. ట్రాకులో ఏ పదిహేను సెకన్లు విడిగా నిలబడతాయి అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ప్రొడ్యూసర్‌కూ మొదటి రోజు నుంచే ఎదురవుతుంది.

ఎవరూ అంతగా మాట్లాడని కారణం ఇంకోటి ఉంది. నా అనుభవంలో అది డబ్బు కంటే తక్కువదేమీ కాదు. జనం వింటున్నది ఫోను స్పీకరులో. ఈ ట్రాకులో కిక్ అసలు బలం 50 హెర్ట్జ్ దగ్గర ఉంది. ఫోను స్పీకరు ఆ లోతుకు దిగలేదు. దానిలోంచి బయటికి వచ్చేది కిక్ మొదట్లోని చిన్న టిక్కు శబ్దం మాత్రమే. క్లబ్బులో ఛాతీకి తగిలే మొదటి నిమిషం ఫోనులో టిక్కు టిక్కుమని గడుస్తుంది. హై హ్యాట్ దానికి తోడు. ముప్ఫై సెకన్ల గీత దాటేలోపే వినేవాడు వేలితో పక్కకు జరిపేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం. అతనికి సంగీతం ఇంకా మొదలు కాలేదు.

ఈ కారణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి, అంచుల వైపు. ఇంట్రో, ఔట్రో, డ్రాప్‌లోని పునరావృతం డీజే కోసం కేటాయించిన స్థలాలు. స్ట్రీమింగ్ రూపంలో వాటిని నిర్మొహమాటంగా తీసేయవచ్చు. రేడియో ఎడిట్ (రేడియో కోసం పొట్టిగా కోసిన రూపం) పేరుతో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతున్నదే. ఇప్పటి కొత్తదనం ఏమిటంటే ఆ రేడియో ఎడిటే అసలు ట్రాకు అయిపోయింది, పొడుగు రూపం అనుబంధంగా మారింది.

ఇప్పుడు అతను కోసిన 1:52 రూపం చూద్దాం. మొత్తం 60 బార్లు. 8 బార్ల ఇంట్రో, 4 బార్ల బ్రేక్‌డౌన్, 4 బార్ల బిల్డప్, 16 బార్ల డ్రాప్. మళ్లీ 4, 4, 16. చివర 4. సరిగ్గా 0:30 దగ్గర డ్రాప్ పడుతుంది. కాగితం మీద ముచ్చటగా ఉంది. మూల ట్రాకులో బ్రేక్‌డౌన్లు, బిల్డప్‌లు కలిసి 208లో 56 బార్లు, అంటే దాదాపు 27 శాతం. అతని రూపంలో 60లో 16, అదీ దాదాపు 27 శాతమే. నిష్పత్తి చెక్కుచెదరలేదు. డ్రాప్ మాత్రం చచ్చిపోయింది.

ఎందుకంటే ఎదురుచూపు నిష్పత్తితో పనిచేయదు, సెకన్లతో పనిచేస్తుంది. పావు లీటరు పాలైనా నాలుగు లీటర్ల పాలైనా తోడు వేశాక పెరుగు కావడానికి పట్టే సమయం ఇంచుమించు ఒకటే. పాలు తగ్గించాం కాబట్టి గంట ముందే గిన్నె తీస్తామంటే కుదరదు. మూల ట్రాకులో మొదటి డ్రాప్‌కు ముందు 45 సెకన్ల పాటు కిక్, బేస్ రెండూ ఉండవు. చెవి ఆ లోతైన శబ్దాన్ని కాసేపటికి మరిచిపోతుంది, పై స్వరాలకు అలవాటు పడుతుంది. అప్పుడు కిక్ తిరిగి వస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. 1:52 రూపంలో ఆ ఖాళీ 15 సెకన్లే. చెవిలో పాత బేస్ ఇంకా ఆరకముందే కొత్త బేస్ వచ్చి పడింది. డ్రాప్ వచ్చినట్టు తెలియకపోవడానికి కారణం అదే.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్రేక్‌డౌన్‌లోని గొంతు మీద ఆరు సెకన్ల రివర్బ్, అంటే ప్రతిధ్వని ఉంది. గొంతు ఆగాక దాని నీడ అంతసేపు గదిలో తిరుగుతుంది. 16 బార్లలో ఆ నీడ పూర్తిగా కరిగి, ఒక్క పియానో మిగిలే క్షణం ఒకటుంది. ట్రాకు మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన చోటు అదే. 4 బార్లు అంటే ఏడున్నర సెకన్లు. గొంతు నీడ ఇంకా తొలగకముందే బిల్డప్‌లోని స్నేర్ డ్రమ్ మొదలైపోతుంది.

స్నేర్ సంగతీ అంతే. మూలంలో 8 బార్ల బిల్డప్‌లో మొదటి నాలుగు బార్లు బీటుకు ఒక దెబ్బ, తర్వాతి రెండు బార్లు రెండేసి, ఏడో బార్‌లో నాలుగేసి. చివరి బార్‌లో వేగం ఇంకా పెరిగి, ఆఖరి బీటులో ఒక్కసారిగా నిశ్శబ్దం. దెబ్బలు రెట్టింపయ్యాయని చెవికి తెలియాలంటే ముందున్న లయ దానికి అలవాటై ఉండాలి. అతని 4 బార్ల రూపంలో నాలుగేసి దెబ్బల దశ ఒక్క సెకను కూడా లేదు. చెవికి అది రెట్టింపుగా కాక గలభాగా వినిపించింది. కింది నుంచి పైకి పాకే శబ్దపు తెర కూడా పదిహేను సెకన్లలో ఎక్కాల్సిన మెట్లను ఏడున్నరలో ఎక్కింది.

నేను చేసింది ఇది. మొదటి బ్రేక్‌డౌన్, మొదటి బిల్డప్ జోలికి అసలు పోలేదు. 16, 8. ఒక్క బార్ కూడా తగ్గలేదు. ముందున్న 64 బార్లను 16కు తెచ్చాను. వాటిలో మొదటి 8 బార్లు పియానో, గొంతులోని ఒక చిన్న ముక్క. ఫోనులో వినేవాడికి మొదటి సెకను నుంచే స్వరం చేతికి అందాలి. తొమ్మిదో బార్ నుంచి కిక్, బేస్ వచ్చి ఒళ్లును కదిలిస్తాయి. అర నిమిషం దగ్గర అవి తప్పుకుని బ్రేక్‌డౌన్ మొదలవుతుంది. కిక్, బేస్‌లను ముందు ఈ కాసేపు వినిపించడం చాలా అవసరం. లేనిదాని కోసం చెవి ఎదురుచూడాలంటే ముందు ఉన్నట్టు దానికి తెలియాలి. నేరుగా బ్రేక్‌డౌన్‌తో మొదలుపెట్టి డ్రాప్‌కు తెచ్చే స్ట్రీమింగ్ రూపాలు చాలా చప్పగా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

డ్రాప్ 1:15 దగ్గర పడుతుంది. అంత ఆలస్యమా అని అతను కంగారుపడ్డాడు. కానీ అప్పటికి స్వరం, తాళం, గొంతు, ఖాళీ అన్నీ వినిపించాయి, ప్రతి పదిహేను సెకన్లకూ ఏదో ఒకటి మారింది. వినేవాడిని పట్టి ఉంచేది మార్పు, డ్రాప్ ఒక్కటే కాదు.

డ్రాప్‌ను 32 నుంచి 16 బార్లకు తగ్గించాను. రెండో 16లో ఒక షేకర్ చేరడం తప్ప కొత్తది లేదు, అది డీజే తర్వాతి ట్రాకును ఎక్కించుకోవడానికి ఉంచిన చోటు. ఆ తర్వాత రెండో బ్రేక్‌డౌన్ 4 బార్లు, బిల్డప్ 4 బార్లు. అతన్ని దెబ్బతీసిన అదే 4, 4 ఇక్కడ పనిచేసింది. మొదటిసారి పూర్తిగా ఎదురుచూసిన చెవికి రెండోసారి ఏం రాబోతోందో తెలుసు, గుర్తు చేస్తే చాలు. రెండో డ్రాప్ 16 బార్లు. మూలంలో అది ఆలస్యంగా అందుకునే ఎదురు స్వరాన్ని ఇక్కడ మొదటి బార్ నుంచే పెట్టాను. చివర 4 బార్లు, గొంతు నీడతో ముగింపు. మొత్తం 84 బార్లు, రెండు నిమిషాల ముప్ఫై ఏడున్నర సెకన్లు. ఎదురుచూపు, అంటే బ్రేక్‌డౌన్లు, బిల్డప్‌లు కలిపి 32 బార్లు, 38 శాతం. ట్రాకు పొట్టిదయ్యేకొద్దీ ఎదురుచూపు వాటా పెరగాలే తప్ప తగ్గకూడదు. ఈ కేసులో నాకు తేలిన ముఖ్యమైన విషయం ఇదే.

ముగింపును మొదలుకు అతికించి, ట్రాకు అయిపోయినట్టు తెలియకుండా మళ్లీ తిరిగేలా కోయమని అడిగేవాళ్లు ఉన్నారు. ఇక్కడ అతనూ ఆ ఆలోచన చేశాడు. నేను వద్దన్నాను. పాట పూర్తయిందని చెవికి తెలిసినప్పుడే మళ్లీ వినాలన్న కోరిక పుడుతుంది. తెలియకుండా తిప్పితే విన్నట్టు లెక్క పెరుగుతుందేమో గానీ ట్రాకు గుర్తుండదు.

మాస్టరింగ్‌లో కూడా ఒక మార్పు అవసరమైంది. మూల ట్రాకును క్లబ్బు అలవాటు ప్రకారం బాగా గట్టిగా, మైనస్ 7 ఎల్‌యూఎఫ్ఎస్ దాకా నొక్కారు. ఇది శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టి. స్పాటిఫై మామూలుగా ట్రాకులన్నింటినీ మైనస్ 14 దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. అంటే గట్టిగా చేసిన శ్రమంతా అక్కడ తగ్గిపోతుంది. మిగిలేది శబ్దపు శిఖరాలను నొక్కే లిమిటర్ చేసిన నష్టం, అంటే బ్రేక్‌డౌన్ శబ్దానికీ డ్రాప్ శబ్దానికీ మధ్య తేడా అరిగిపోవడం. పొట్టి రూపాన్ని మైనస్ 9 దగ్గర ఆపాను. డ్రాప్‌కు కొంత ఎత్తు తిరిగొచ్చింది. కిక్ మీద కొద్దిగా డిస్టార్షన్ (శబ్దానికి గరుకుదనం) కలిపి 150 హెర్ట్జ్ పైన దానికి పలుకు తెచ్చాను. ఫోనులో కూడా కిక్ ఉందని ఇప్పుడు తెలుస్తుంది.

పొడుగు రూపాన్ని పారేయలేదు, బీట్‌పోర్ట్ వంటి, డీజేలు ట్రాకులు కొనే ఆన్‌లైన్ దుకాణాలకు అదే వెళ్తుంది. కానీ అది కూడా పూర్వపు నిడివిలో మిగలలేదు. ఇంట్రో 32 నుంచి 16కు, బేస్ భాగం 32 నుంచి 16కు, ఔట్రో 24 నుంచి 16కు వచ్చాయి. 168 బార్లు, 5:15. గచ్చిబౌలిలో వారాంతాల్లో వాయించే ఒక డీజేకు రెండు పొడుగు రూపాలూ ఇచ్చి చూశాం. 208 బార్లదాన్ని కూడా అతను 17వ బార్ నుంచే మొదలుపెట్టాడు. ముందున్న 16 బార్లు ఆ గదిలో ఎవరికీ వినిపించనే లేదు.

నాకు ఇంకా వెలితిగా ఉన్నది ఒకటుంది. రెండో బ్రేక్‌డౌన్ 24 బార్లలో మధ్యలో ఒక శ్రుతి మార్పు వస్తుంది. పియానో మొదటిసారి దిగులుగా వినిపించే మైనర్ నుంచి వెలుతురుగా వినిపించే మేజర్‌కు తిరిగి, ఎనిమిది బార్లు అక్కడే నిలుస్తుంది. ట్రాకు ఎందుకు రాశాడో అక్కడే తెలుస్తుంది. పొట్టి రూపంలో దానికి చోటు లేదు. 4 బార్లలో ఇరికిస్తే తప్పు స్వరంలా వినిపిస్తుంది. మొదటి బ్రేక్‌డౌన్‌లోకి తెస్తే రెండోసారి చెప్పడానికి ఏమీ మిగలదు. రెండు పద్ధతులూ ప్రయత్నించి, రెండూ తీసేశాం. చివరికి విడుదలను రెండు ట్రాకులుగా చేయమన్నాను. మొదట 2:37 రూపం, దాని కిందే ఎక్స్‌టెండెడ్ మిక్స్ అని 5:15 రూపం, డీజే దుకాణాలకే పరిమితం చేయకుండా స్ట్రీమింగ్‌లో కూడా. వినికిడి లెక్కలు రెండుగా చీలిపోతాయని పంపిణీ సంస్థ సందేహించింది. అతను పట్టుబట్టి ఒప్పించుకున్నాడు.